మోకాలి బెల్టు: ఏది కొనాలి, ఎలా కొలవాలి, ఎలా కట్టుకోవాలి

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో తరచూ వినపడే సంభాషణ ఇది. "అమ్మకి మోకాళ్ళ నొప్పులండీ, ఒక బెల్టు ఇవ్వండి." "ఏ సైజు?" "కొంచెం ఒళ్ళున్న మనిషే, ఎల్ ఇచ్చేయండి." అమ్మ ఇంట్లో ఉంటుంది, కొడుకు షాపులో ఉంటాడు, మోకాలు కొలిచినవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ బెల్టు నాలుగు రోజులు కాలికి ఉండి, ఐదో రోజు బీరువా మీదకి చేరుతుంది. "బెల్టు పెట్టినా తగ్గలేదండీ" అన్న మాట మాత్రం చాలాకాలం ఉంటుంది.

అరిగిన గుజ్జుని ఏ బెల్టూ తిరిగి తేలేదు. వంగిన కాలిని శాశ్వతంగా నిటారు చేయలేదు. కట్టుకున్నంతసేపు నడక కాస్త తేలికవుతుంది, మోకాలు పక్కకి తూలకుండా ఉంటుంది, "కాలు జారిపోతుందేమో" అన్న టెన్షన్ తగ్గుతుంది. దాని పని అంతవరకే. పాల ప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్ళడం కూడా మానేసిన మనిషికి అదే ఎక్కువ. అయితే సరైన బెల్టు, సరైన సైజు, సరైన చోట ఉంటేనే ఆ మేలైనా దక్కేది.

ఏ పనికో ముందు రాసుకోండి

ఒక కాగితం తీసుకుని మోకాలు ఎక్కడ ఇబ్బంది పెడుతోందో రాయండి. "మోకాలు నొప్పి" అని రాస్తే లాభం లేదు. ఎంవీపీ రైతు బజారులో అరగంట తిరిగేసరికి కుడి మోకాలి లోపలి వైపు పీకుతోంది. మూడో అంతస్తు నుంచి దిగుతుంటే చిప్ప కింద కలుక్కుమంటోంది. ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కబోతే కాలు పట్టు తప్పుతోంది. ఇలా, పనీ చోటూ రెండూ ఉండాలి.

విశాఖలో ఉన్నవాళ్ళు ఇంకో వివరం కూడా కలపాలి. మీరు నడిచే దారి చదునా, ఎత్తా, పల్లమా? బీచ్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి హాయిగా నడిచే మనిషే దసపల్లా హిల్స్ నుంచి కిందికి దిగాలంటే గోడ పట్టుకుంటాడు. దిగేటప్పుడు చిప్ప వెనక భాగం మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది. చదునులో బాగానే ఉండి దిగుడులోనూ మెట్ల దగ్గరా మాత్రమే నొప్పి వస్తోందంటే, అరుగుదల చిప్ప దగ్గర ఉండే అవకాశం ఎక్కువ. దానికి కావలసిన బెల్టు వేరు.

కూర్చున్నా నొప్పే, పడుకున్నా నొప్పే అనేవాళ్ళు బెల్టు మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కాలి మీద బరువు పడినప్పుడే దానికి పని.

నిలబడి ఎక్స్‌రే తీయించుకోండి

కేజీహెచ్ ఓపీ కావచ్చు, హనుమంతవాక దగ్గరి విమ్స్ కావచ్చు, రామ్‌నగర్‌లో మీకు అలవాటైన ప్రైవేటు డాక్టరు కావచ్చు, ఎముకల డాక్టరుకి ఒకసారి చూపించుకోకుండా బెల్టు కొనొద్దు. ఎక్స్‌రే రాస్తే "నిలబెట్టి తీయమన్నారా?" అని అడగండి. పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య ఖాళీ ఉన్నట్టే కనపడొచ్చు. ఒంటి బరువు మోకాలి మీద పడ్డాకే ఏ పక్క మూసుకుపోయిందో తెలుస్తుంది. రిపోర్టులో అరుగుదల ఎంతో చెబుతూ గ్రేడ్ 2, గ్రేడ్ 3 అని రాస్తారు. 0 నుంచి 4 వరకు ఉండే ఆ లెక్కని కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో ప్రచురించారు, ఇప్పటికీ అదే నడుస్తోంది. గ్రేడ్ చూసి కంగారు పడక్కర్లేదు. గ్రేడ్ 3 ఉండి కొండలెక్కేవాళ్ళూ ఉన్నారు, గ్రేడ్ 2కే మూలుగుతున్నవాళ్ళూ ఉన్నారు.

బెల్టు కోసం డాక్టరుని అడగవలసిన ప్రశ్నలు వేరే. అరిగింది లోపలి వైపా, బయటి వైపా, చిప్ప వెనకా? మనవాళ్ళలో ఎక్కువమందికి లోపలి వైపే అరిగి, కాళ్ళు దొడ్డికాళ్ళ మాదిరి బయటికి వంగుతాయి. ఆ వంపు చేత్తో పట్టి సరిచేస్తే కొంతైనా సరి అవుతోందా, గట్టిపడిపోయిందా? గట్టిపడిపోయిన వంపుని బెల్టుతో లాగాలని చూస్తే చర్మం కందడమే మిగులుతుంది. ఇక మూడోది, మీకు షుగరు ఉన్నా, కాళ్ళలో ఉబ్బు నరాలున్నా, ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డ కట్టినా, పాదాలకి రక్త ప్రసరణ తక్కువని ఎవరైనా చెప్పినా ఆ సంగతి ముందే చెప్పి, బెల్టు వాడొచ్చా అని అడగండి.

మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, ఒక్కసారిగా వాచినా, వంచిన కాలు చాపలేకుండా బిగుసుకుపోయినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా బెల్టు సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అసలు బెల్టు అవసరమా అంటే అన్ని దేశాల పెద్దలూ ఒకే గొంతుతో చెప్పరు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు, నడకో మోకాలి పట్టో బాగా దెబ్బతిన్నవాళ్ళకి, నొప్పి బాగా ఎక్కువున్నవాళ్ళకి బెల్టుని గట్టిగానే సిఫారసు చేశాయి. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2022లో అందరికీ అలవాటుగా ఇవ్వొద్దని చెప్పింది. మోకాలు తూలుతూనో, బరువు ఒకే పక్క పడుతూనో ఉండి, బెల్టు లేకుండా వ్యాయామం కుదరని వాళ్ళకే ఇమ్మంది. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇదీ: నొప్పి ఉన్న ప్రతివాళ్ళకీ బెల్టు అక్కర్లేదు, కాలు నిలవనివాళ్ళకి, ఒక పక్కే అరిగినవాళ్ళకి పనికొస్తుంది.

ఏ రకం?

షాపులో "నీ క్యాప్" అని ఇచ్చేది తొడుగు. సాక్సులా కాలికి ఎక్కించుకోవాలి. వెచ్చగా, బిగువుగా ఉంటుంది, మోకాలు ఎక్కడుందో మనసుకి గుర్తు చేస్తూ ఉంటుంది. ఎముకల మీద పడే బరువుని మాత్రం ఇది జరపలేదు. అరుగుదల మొదట్లో ఉండి, కాసేపు నడకకి ధైర్యం కావాలంటే చాలు. ధర కూడా వందల్లోనే. చిప్ప దగ్గర గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ మెత్తటి రింగు ఉన్నది చిప్ప నొప్పి ఉన్నవాళ్ళకి నయం.

రెండు పక్కలా లోహపు కీళ్ళున్నది రెండో రకం. మోకాలు పక్కకి వెళ్ళిపోతోందనేవాళ్ళకి ఇది. టైనార్, విస్కో, ఫ్లామింగో లాంటి మన దేశపు కంపెనీల్లో ఇవి సులువుగా దొరుకుతాయి. ఇందులోనూ కాలికి ఎక్కించుకునేది ఉంటుంది, చుట్టి వెల్క్రో అంటించేది ఉంటుంది. అరవై దాటినవాళ్ళకి నేనైతే చుట్టుకునేదే చెబుతాను. వేళ్ళల్లో కూడా నొప్పులున్న మనిషి బిగుతైన తొడుగుని పాదం నుంచి మోకాలి దాకా లాక్కోవడం ఒక రోజు చేస్తుంది, రెండో రోజు మానేస్తుంది.

మూడోది అన్‌లోడర్, కొందరు ఆఫ్‌లోడర్ అంటారు. తొడ దగ్గర ఒకచోట, పిక్క దగ్గర ఒకచోట, వాటికి ఎదురుగా మోకాలి పక్కన ఒకచోట నొక్కి, బరువుని అరిగిన పక్క నుంచి బాగున్న పక్కకి కొంత జరుపుతుంది. లోపలి వైపు అరిగినవాళ్ళకి ఒక రకం, బయటి వైపు అరిగినవాళ్ళకి ఒక రకం. కుడి కాలిది ఎడమ కాలికి పనికిరాదు. వేల రూపాయల వస్తువు, బయటి దేశాలదైతే ఇంకా ఎక్కువ. రెండు పక్కలా అరిగిపోయి ఉంటే బరువు జరపడానికి బాగున్న పక్కే ఉండదు కాబట్టి దీని మీద డబ్బు పెట్టే ముందు డాక్టరుతో మరోసారి మాట్లాడండి. దీన్ని కౌంటర్ మీద కొనొద్దు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన ఆర్థోటిస్టు కొలత తీసి, అమర్చి, నడిపించి చూసి ఇవ్వాలి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో మీ ఎముకల డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో అడిగితే చెబుతారు.

తొడ నుంచి పిక్క దాకా పొడుగ్గా ఉండి, కాలిని కర్రలా నిటారుగా ఉంచే లాంగ్ నీ బ్రేస్ కూడా అదే అరలో వేలాడుతుంటుంది. అది దెబ్బలకీ ఆపరేషన్ల తర్వాతకీ వాడేది. అరుగుదలకి అది కట్టుకుని తిరిగితే ఉన్న కండ కూడా పోతుంది.

కొలత: పది నిమిషాల పని, అన్నిటికంటే ముఖ్యమైన పని

కొలత చర్మం మీదే తీయాలి. పైజమా మీద, లెగ్గింగ్ మీద, చీర మడతల మీద కాదు. షాపులో ఆడవాళ్ళు మోకాలి పైదాకా బట్ట ఎత్తడానికి మొహమాటపడతారు, కొలిచే కుర్రాడు బట్ట మీదే టేపు చుట్టేసి సైజు చెప్పేస్తాడు. అందుకే ఇంట్లో కొలుచుకుని కాగితం పట్టుకెళ్ళడం మేలు. షాపులోనే తీయించుకోవాలంటే వదులు సల్వారో, లుంగీయో కట్టుకుని వెళ్ళి, లోపల గది ఉందా, కొలవడానికి ఆడమనిషి ఉన్నారా అని అడగండి. అడగడంలో తప్పేం లేదు.

దర్జీ టేపు, బాల్ పెన్ను, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు. రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు వేసి నిలబడండి. అవసరమైతే కుర్చీ వీపు పట్టుకోండి. మోకాలి చిప్ప మధ్యలో పెన్నుతో చుక్క పెట్టించుకోండి. అక్కడి నుంచి పైకి తొడ మీద 15 సెంటీమీటర్లకి ఒక గీత, కిందికి పిక్క మీద 15 సెంటీమీటర్లకి ఒక గీత. చాలా కంపెనీలు అడిగేది ఇదే దూరం. అయినా డబ్బా మీద బొమ్మ చూసే తీరాలి. కొన్ని చిప్ప చుట్టుకొలతే అడుగుతాయి, కొన్ని చిప్పకి కొంచెం పైన అడుగుతాయి, కొన్ని మోకాలు కొద్దిగా వంచి కొలవమంటాయి. ఒక కంపెనీలో ఎల్ వచ్చిందని ఇంకో కంపెనీలో కూడా ఎల్ అనుకోవడం దగ్గరే సగం బెల్టులు చెడుతున్నాయి.

టేపు చర్మానికి ఆనాలి, నొక్కకూడదు. తీశాక చర్మం మీద గీత పడిందంటే బిగించి కొలిచినట్టే. తొడ, చిప్ప, పిక్క మూడు చుట్టుకొలతలూ సెంటీమీటర్లలో రాసుకోండి. రెండో కాలు కూడా కొలవండి. నొప్పి ఉన్న కాలి తొడ తరచూ సన్నబడి ఉంటుంది. ఆ తేడా ఫిజియోథెరపిస్టుకి కూడా పనికొస్తుంది.

సాయంత్రానికి మోకాలు వాచే అలవాటు ఉంటే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. రెండూ రెండు సైజుల్లో పడితే తొడుగు రకం వదిలేసి, వెల్క్రోతో బిగువు మార్చుకోగల చుట్టుడు రకం తీసుకోండి. తొడ ఒక సైజులో, పిక్క ఇంకో సైజులో పడ్డా అదే మందు. పైన లావై కిందికి సన్నబడే తొడలున్నవాళ్ళకి పొట్టి తొడుగు ఎంత బిగుతుగా కొన్నా జారి మోకాలి వెనక చుట్ట చుట్టుకుంటుంది. వాళ్ళకి పొడుగైనది, పిక్క మీద గట్టి స్ట్రాప్ ఉన్నది కావాలి. ఆన్‌లైన్‌లో కొంటే ముందు వాపసు షరతులు చదవండి. ఒంటికి తగిలే వస్తువు కాబట్టి కవరు విప్పితే వెనక్కి తీసుకోరు చాలాచోట్ల.

షాపులోనే నడిచి చూడండి

బెల్టు కట్టుకున్నాక దాని పై అంచు ఎక్కడుందో తొడ మీద పెన్నుతో సన్నటి గీత గీయించుకోండి. షాపులో ఒక పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. కుర్చీలో ఐదుసార్లు కూర్చుని లేవండి. బయట మెట్లుంటే ఎక్కి దిగండి. ఇప్పుడు గీత చూడండి. బెల్టు ఒక వేలి మందం కిందికి వచ్చిందంటే స్ట్రాప్ సర్దుకుంటే సరిపోతుంది. రెండు మూడు వేళ్ళు జారిందంటే సైజు తప్పు, లేదా మీ కాలికి ఆ మోడలే తప్పు. "వాడగా వాడగా సెట్ అవుతుందండీ" అంటారు. ఎలాస్టిక్ వాడేకొద్దీ వదులవుతుంది తప్ప బిగుసుకోదు.

అంచు కింద ఒక వేలు దూరాలి, పిడికిలి దూరకూడదు. మోకాలు వంచినప్పుడు వెనక మడతలో గుడ్డ ముద్దకట్టి గుచ్చుకోకూడదు. కాలి వేళ్ళు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరెక్కినా వెంటనే తీసేయండి.

కట్టుకునే పద్ధతి

కుర్చీ ముందు అంచున కూర్చోండి. సోఫాలో కూర్చుంటే లోపలికి దిగిపోతారు, కాలు సరిగ్గా వంగదు. పాదం నేల మీద ఉంచి, మోకాలు సగం వంచండి. తొడుగైతే చిప్ప రంధ్రం చిప్ప మీదే కూర్చునేలా ఎక్కించి, రెండు అరచేతులతో ముడతలు లేకుండా పైకి నిమరండి.

కీళ్ళున్న బెల్టుకి అసలు కిటుకు కీలు ఉండే ఎత్తులో ఉంది. మోకాలి రెండు పక్కలా ఎముక ఉబ్బెత్తుగా చేతికి తగులుతుంది. బెల్టు కీలు మధ్యభాగం ఆ ఉబ్బెత్తుకి సూటిగా, దాదాపు చిప్ప మధ్య ఎత్తులో, పక్కల నుంచి చూస్తే ముందుకీ వెనక్కీ జరగకుండా ఉండాలి. కీలు రెండు వేళ్ళు కిందికి దిగినా మీ మోకాలు ఒకచోట వంగాలని చూస్తుంది, బెల్టు ఇంకోచోట వంగుతుంది. తలుపు బందు పక్కకి బిగించినట్టే, ప్రతి అడుగుకీ రెండూ పెనుగులాడతాయి. ఆ రాపిడంతా చర్మం మీదే.

స్ట్రాప్‌ల వరుస కూడా ఉంది. ముందు మోకాలికి కాస్త కింద, పిక్క పై భాగంలోది బిగించండి. బెల్టు జారకుండా పట్టుకునేది అదే. ఆ తర్వాత తొడ మీది కింది స్ట్రాప్, ఆపైన మిగిలినవి. అన్నీ అయ్యాక లేచి నిలబడి, నాలుగు అడుగులు వేసి, పిక్క స్ట్రాప్ మళ్ళీ ఒకసారి సర్దండి. నిలబడగానే కండ ఆకారం మారుతుంది కాబట్టి కూర్చుని బిగించిన బిగువు సరిపోదు. అన్‌లోడర్‌లో ఏటవాలుగా వచ్చే స్ట్రాప్‌లూ, తిప్పే నాబ్‌లూ ఉంటే ఎంతవరకు బిగించాలో ఆర్థోటిస్టు చూపిస్తారు. ఆ చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. రేపు ఇంట్లో కట్టేది మీ కోడలో మనవడో అయితే ఆ గుర్తే దిక్కు. ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. మోకాలికి బయటి వైపు, కొంచెం కింద, చిన్న ఎముక బొడిపె ఒకటి వేలికి తగులుతుంది. పాదాన్ని పైకెత్తే నరం దాని పక్క నుంచే, చర్మానికి బాగా దగ్గరగా వెళ్తుంది. పిక్క స్ట్రాప్‌నో, కీలు దిండునో ఆ బొడిపె మీద బిగిస్తే పాదం పై భాగంలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు మంట వస్తాయి. పట్టించుకోకపోతే పాదం పైకి లేవక, చెప్పు నేలకి ఈడ్చుకుంటూ నడిచే పరిస్థితి కూడా రావచ్చు. తిమ్మిరి మొదలవగానే తీసేసి, స్ట్రాప్ ఆ బొడిపె మీదా దాని చుట్టుపక్కలా నొక్కకుండా జరిపి కట్టండి. అయినా పోకపోతే డాక్టరుకి చూపించండి.

మొదటి రెండు వారాలు

మొదటి రోజు గంటకి మించి వద్దు, అదీ ఇంట్లోనే. రోజుకి గంటో, గంటన్నరో పెంచుకుంటూ పోతే వారం పది రోజుల్లో మీకు కావలసినంతసేపు కట్టుకోగలుగుతారు. తీసిన ప్రతిసారీ మంచి వెలుతురులో చర్మం చూడండి. లేత ఎరుపు అరగంటలో పోతే పర్వాలేదు. అరగంట దాటినా ఎరుపు అలాగే ఉన్నా, బొబ్బ లేచినా, దురదతో దద్దుర్లు వచ్చినా ఆపేయాలి. నియోప్రీన్ రబ్బరు కొందరికి పడదు. వాళ్ళకి అల్లిన గుడ్డ రకం దొరుకుతుంది. షుగరు ఉన్నవాళ్ళు తమకి నొప్పి తెలియలేదని ఊరుకోవద్దు, మోకాలి వెనక భాగాన్ని అద్దంలోనో ఇంకొకరి చేతనో చూపించుకోవాలి. షుగరుతో స్పర్శ తగ్గిన కాలికి పుండు పడిందాకా తెలియదు.

ఎప్పుడు కట్టాలి అన్నదానికి జవాబు మీరు రాసుకున్న కాగితంలోనే ఉంది. రైతు బజారుకి బయల్దేరేముందు కట్టుకుని, ఇంటికొచ్చాక తీసేయండి. టీవీ ముందు కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప అవసరం లేదు. రెండు మోకాళ్ళూ నొప్పే అయితే ముందు ఎక్కువ బాధపెట్టే దానికే కొని, అలవాటయ్యాక రెండోదాని సంగతి చూడండి.

ఒకటి మాత్రం చెప్పి తీరాలి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడవాలని ఆ వారంలోనే కొత్త బెల్టు కొనేవాళ్ళుంటారు. అలవాటు లేని బెల్టుతో అంత దూరం నడిస్తే మోకాలి సంగతేమో కానీ, చర్మం ఒలిచినట్టవుతుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళకి ఆ నడకే ఎక్కువ. కొండ మీదకి ఘాట్ రోడ్డుంది, బస్సులున్నాయి, అప్పన్న ఏమీ అనుకోడు.

చెమట, ఉప్పుగాలి

విశాఖలో బెల్టు మూలపడేది ఎక్కువగా ఉక్కపోత వల్లే. ఏప్రిల్, మే నెలల్లో నియోప్రీన్ కట్టుకుని అరగంట నడిస్తే లోపల తడి ముద్దే. వీలైతే గాలాడే అల్లిక రకం కొనండి, పనులు ఉదయం ఎనిమిదిలోపు పెట్టుకోండి. బెల్టు కింద ముడతలు పడని పలచటి కాటన్ గొట్టం తొడుగు వేసుకోవచ్చు. సర్జికల్ షాపుల్లో స్టాకినెట్ అని అడిగితే మీటర్ల లెక్కన ఇస్తారు. అది మోకాలి దగ్గర ఉండలు కట్టకుండా చూసుకోవాలి. కట్టుకునే ముందు కాలికి కొబ్బరి నూనె, నొప్పి ఆయింట్‌మెంట్లు రాయొద్దు. జారిపోవడం సరే, బిగుతు కింద ఆయింట్‌మెంట్ మంట పుట్టిస్తుంది. రాసుకోవాలంటే బెల్టు తీశాక, చర్మం ఆరాక.

వారానికి రెండుసార్లయినా ఉతకాలి. కీళ్ళు బయటికి తీసే వీలుంటే తీసేయండి. వెల్క్రోలు మూసేసి, చల్లటి నీళ్ళలో తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాల్లో నొక్కి, నీడలో ఆరేయండి. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, మిట్టమధ్యాహ్నపు డాబా ఎండ, మూడూ ఎలాస్టిక్‌కి శత్రువులే. వెల్క్రోలో ఇరుక్కున్న పోగులు, చీర దారాలు పాత టూత్ బ్రష్‌తో తీస్తే మళ్ళీ పట్టు వస్తుంది. బీచ్‌లో ఇసుక మీద నడిచి వచ్చిన రోజున కీళ్ళని పొడి బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. సముద్రానికి దగ్గర ఇళ్ళలో ఉప్పుగాలికి స్టీలు సామాను ఎలా తుప్పు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. కీలు కిర్రుమంటే వంటనూనె, మిషన్ ఆయిలు వేయొద్దు, ఇసుక దానికే అంటుకుంటుంది. కొన్నచోటే చూపించండి.

బెల్టుతో పాటు

బెల్టు కొన్నాక వ్యాయామం మానేసేవాళ్ళే ఎక్కువ. తొడ ముందు కండ గట్టిగా ఉంటేనే మోకాలు నిలుస్తుంది. కాలు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని నేలకి నొక్కి 5 సెకన్లు పట్టి వదలండి. పదిసార్లు, రోజుకి రెండు పూటలు. తర్వాత కాలు నిటారుగా ఎత్తి దించడం. మిగతావి ఫిజియోథెరపిస్టు మీ కాలిని చూసి చెబుతారు. బరువు ఎక్కువున్నవాళ్ళు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. చేతికర్ర వాడితే నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. కర్ర పట్టుకుంటే నలుగురూ ముసలివాళ్ళనుకుంటారని చీర కింద కనపడని బెల్టు కొనేవాళ్ళున్నారు. చాలామందికి ఆ రెండూ కలిపి వాడితేనే సుఖం.

బెల్టుతో బాసింపట్టు వేయొద్దు, కింద కూర్చోవద్దు. పూజ దగ్గర ఎత్తు పీట, భోజనానికి కుర్చీ, నేల మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ. బెల్టు ఉన్న కాలితో బండి కిక్ కొట్టొద్దు.

మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి

నెల, నెలన్నర సక్రమంగా వాడినా మీరు రాసుకున్న పనుల్లో ఒక్కటీ తేలిక కాలేదంటే బెల్టు పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అక్కడ కట్టుకుని చూపించండి. చాలాసార్లు లోపం బెల్టులో ఉండదు, కీలు ఎత్తులోనో స్ట్రాప్ వరుసలోనో ఉంటుంది. బిల్లు దాచుకోండి, కీలు విరిగినా కుట్లు ఊడినా మార్చమని అడగడానికి ఆధారం అదే. ఒళ్ళు చేసినా, తగ్గినా, వ్యాయామంతో తొడ కండ పెరిగినా మళ్ళీ కొలవాలి. ఎలాస్టిక్ సాగి, కొత్తలో గీసుకున్న గుర్తు దాటి బిగించాల్సి వస్తోందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే.

పాత బెల్టుని పక్కింటావిడకి ఇచ్చేయకండి. ఆవిడ మోకాలు ఏ పక్క అరిగిందో మీకు తెలియదు, సైజూ కలవదు. మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఇదివరకటి అన్‌లోడర్‌ని మళ్ళీ కట్టుకోవద్దు. కొత్త కీలుకి అది అక్కర్లేదు. ఏదైనా అవసరమైతే సర్జనే వేరేది రాస్తారు.